బాత్రూం బార్న్ డోర్‌కి లోపలి వైపు ఏ పిడి పెట్టాలి? అమ్మ లోపల ఇరుక్కుపోయింది

స్వాతిచినుకు
డాలస్ దగ్గర ఉంటాం. పోయినేడాది కొన్న ఇల్లు. మాస్టర్ బాత్రూంకి బిల్డరే బార్న్ డోర్ పెట్టి ఇచ్చాడు. అదే, పైన ఇనప పట్టా మీద చక్రాలతో పక్కకి జరిగే తలుపు. బయటి వైపు నల్లటి ఇనప పిడి, జానెడు పొడుగు, బాగానే ఉంటుంది. లోపలి వైపు మాత్రం పది రూపాయల బిళ్ళ కంటే కాస్త పెద్ద గుండ్రటి గుంట. అందులో రెండు వేళ్ళు పెట్టి లాగాలి. మాకు అలవాటైపోయింది కాబట్టి ఎప్పుడూ పట్టించుకోలేదు.

పది రోజుల క్రితం అమ్మానాన్నా తెనాలి నుంచి వచ్చారు. అమ్మకి 68 ఏళ్ళు, వేళ్ళ కీళ్ళన్నీ వాచిపోయి ఉంటాయి. మొన్న నేను మీటింగ్‌లో ఉండగా లోపలికెళ్ళి తలుపు జరుపుకుంది. మళ్ళీ తెరవడం చేతకాలేదు. నాన్న హాల్లో టీవీ సౌండ్ పెంచుకుని కూర్చున్నారు. ఇరవై నిమిషాలు అలాగే ఉండిపోయింది. పిలవొచ్చు కదమ్మా అంటే, "అరిస్తే నీ మీటింగ్‌లో వాళ్ళకి వినపడుతుందని ఊరుకున్నా" అంది. నాకు ఏడుపొచ్చేసింది. తను మాత్రం "మన తలుపులకి చేతి నిండా పట్టుకోడానికి కడియాలుంటాయి, ఈ గుంటేంటే, చీమలు తీసుకోడానికా?" అని నవ్వుతోంది.

లోపల కూడా బయటి లాంటి పిడే బిగించేస్తే సరిపోతుందా? ఆన్‌లైన్లో చూస్తే నూట తొంభై రకాలున్నాయి, ఏది కొనాలో తేలట్లేదు.

పప్పుచారు
తలుపు పీకేసి మామూలు తలుపు పెట్టించండి. అయిపోయింది.

డాలస్_బాబాయ్
మా తాత పాక నుంచి పెంకుటింటికి మారడానికి సగం జీవితం కష్టపడ్డాడు. నేను ముప్పై ఏళ్ళ అప్పు నెత్తిన పెట్టుకుని పడగ్గదికి పశువుల కొట్టం తలుపు కొనుక్కున్నా, బార్న్ అంటే అదేగా. మా ఇంట్లో కూడా ఇదే బాధ తల్లీ. చూస్తున్నా, ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారిగట్టు
పిడి సంగతి తర్వాత. ఈలోగా ఆ తలుపు పూర్తిగా మూసుకోకుండా ఏదన్నా అడ్డం పెట్టండి ముందు.

స్వాతిచినుకు
పెట్టాం. తలుపు అంచుకి మడత పెట్టిన తువ్వాలు చుట్టాం, మూడు నాలుగు అంగుళాలు తెరుచుకునే ఉంటోంది. అమ్మ వెళ్ళినప్పుడల్లా నాన్న బయట కాపలా. ఇద్దరూ విసుక్కుంటున్నారు.

పప్పుచారు గారూ, మామూలు తలుపు పెడితే అది మంచానికి కొట్టుకుంటుంది. అందుకే బిల్డరు ఇది పెట్టాడు.

ఉలి_బాడిస
"లోపల కూడా బయటి లాంటి పిడే" అన్నారు. కొనకండి ఇంకా. ముందు ఈ తలుపు నడక చూడండి.

మామూలు స్లైడింగ్ తలుపు కొన్నిళ్ళలో గోడ లోపలికి దూరిపోతుంది. బార్న్ డోర్ అలా కాదు, గోడ బయట, గోడని ఆనుకుని నడుస్తుంది. తెరిచినప్పుడు తలుపు లోపలి ముఖం గోడ ఎదురుగా వచ్చేస్తుంది. మధ్యలో సన్నటి సందు మిగులుతుంది. ఆ సందు అర అంగుళమే ఉంటే రెండంగుళాలు పొడుచుకొచ్చిన పిడి అందులో దూరదు. దర్వాజా అంచుకి ఠంగున తగిలి తలుపు అక్కడే ఆగుతుంది. అందుకే మీ బిల్డరు లోపల గుంట పిడి పెట్టాడు. ఆలోచన సరైనదే, పెట్టింది మాత్రం అన్నిటికంటే చిన్నది.

రెండోది చాలామందికి తట్టదు. ఈ తలుపు దర్వాజా ఖాళీ కంటే వెడల్పుగా ఉంటుంది, మూసినప్పుడు రెండు పక్కలా గోడ మీదికి కాస్త ఎక్కుతుంది. లేకపోతే సందులోంచి కనిపిస్తుంది కదా. కాబట్టి బయటి పిడికి సరిగ్గా వెనకాలే లోపలి పిడి పెడితే, తలుపు మూసినప్పుడు అది గోడ వెనక్కి వెళ్ళిపోవచ్చు. లోపలున్న మనిషికి అందనే అందదు. నేనే మొదట్లో ఒకరింట్లో ఇలా బిగించి, తర్వాత మొత్తం పీకి నా డబ్బుతో మళ్ళీ చేశా.

మీరు టేపు పట్టుకుని నాలుగు కొలతలు చెప్పండి: తలుపు వెనక ముఖానికీ దర్వాజా చుట్టూ ఉండే చెక్క పట్టీకీ మధ్య ఎంత సందు, ఖాళీ వెడల్పెంత, తలుపు వెడల్పెంత, తలుపు మందమెంత.

సందేహాలరావు
గోడకీ తలుపుకీ మధ్య సందా, చెక్క పట్టీకీ తలుపుకీ మధ్యా?

ఉలి_బాడిస
చెక్క పట్టీకీ. గోడ కంటే అదే ముందుకి ఉంటుంది, పిడి మొదట తగిలేది దానికే. గోడ నుంచి కొలిచి, "అంగుళం ఉంది" అనుకుని పిడి కొని మోసపోతారు.

స్వాతిచినుకు
కొలిచా. పట్టీకీ తలుపుకీ మధ్య పావు అంగుళమే. పెన్సిలు అతి కష్టం మీద దూరింది. ఖాళీ 32 అంగుళాలు, తలుపు 36. మందం 1⅜ అంగుళాలు. బయటి పిడి మధ్య గీత తలుపు అంచు నుంచి సరిగ్గా 2 అంగుళాల్లో ఉంది.

అంటే రెండు పక్కలా రెండేసి అంగుళాలు గోడ మీదికి ఎక్కుతోందన్నమాట. మీరన్నట్టు ఆ పిడి వెనకాలే పెట్టి ఉంటే సగం గోడ వెనక ఉండేది! ఇవాళ్టికి బతికిపోయా.

ఉలి_బాడిస
చూశారా. 1⅜ అంటే 35 ఎంఎం. గుంట పిడికి అది చాలు. పెద్ద దీర్ఘచతురస్రం గుంట పిడి దొరుకుతుంది, 6 నుంచి 8 అంగుళాల పొడుగు, నాలుగు వేళ్ళూ పడతాయి. లోతు ముప్పావు అంగుళం దాకా ఉన్నది చూడండి. తలుపు అంచు నుంచి మూడున్నర అంగుళాల్లో గుంట మధ్య గీత రావాలి. రూటర్ (చెక్కలో గాడి తొలిచే) మిషను ఉంటే పావుగంట పని, లేకపోతే ఉలితో చెక్కాలి, ఓపిక ఉండాలి. తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది, మీ 32 అంగుళాలూ మీకు మిగులుతాయి. నా ఓటు దీనికే.

అరుగుమీదత్తయ్య
నాది రాజమండ్రి, వయసు 66, రెండు చేతులకీ కీళ్ళ వాతం. మావాడి ఫ్లాట్లో ఈ రకం తలుపే ఉంది, మీరు చెప్పిన పెద్ద గుంట పిడే ఉంది. నాయనా, గుంట ఎంత పెద్దదైనా వేళ్ళ చివళ్ళు వంచే లాగాలి. మాకు నొప్పి అంతా ఆ చివళ్ళలోనే. గుప్పిట మూసి పట్టుకునే పిడి అయితే నయం. పొద్దున పూట వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నప్పుడు మణికట్టో, మోచేయో అందులోకి దూర్చి కూడా జరుపుతాను. గుంటలో మోచెయ్యి దూరుస్తానా?

నువ్వు మంచి పనివాడివే అయ్యుంటావు బాబూ, కానీ నీ వేళ్ళు బాగున్నాయి.

ఉలి_బాడిస
అత్తయ్యగారూ, నిజమే. కానీ లోపల పొడుచుకొచ్చే పిడి పెడితే తలుపు పూర్తిగా తెరుచుకోదు. లెక్క చూడండి. పిడి అంచు నుంచి మూడున్నర అంగుళాల్లో ఉంటుంది. అది దర్వాజా దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు నలగకుండా ఇంకో రెండంగుళాలు వదలాలి. అంటే తలుపు ఐదున్నర అంగుళాలు ఖాళీలోకి వచ్చి ఆగాలి. 32లో ఐదున్నర పోతే ఇరవై ఆరున్నర. రేపు వాకర్ అవసరమైతే ఇరుకు.

అరుగుమీదత్తయ్య
వాకర్ రేపటి మాట. ఆవిడ మొన్న ఇరుక్కుంది.

డాలస్_బాబాయ్
అత్తయ్యగారికి నమస్కారం. ఈ మాటకి ఎదురు లేదు.

నక్షాగీసేవాడు
న్యూజెర్సీలో ఆర్కిటెక్టు ఆఫీసులో పనిచేస్తాను. ఇక్కడ ఆఫీసులకీ హోటళ్ళకీ ఏడీఏ అని వికలాంగుల చట్టం ఉంది, 1990లో వచ్చింది. దాని కింద ఇప్పుడు వాడేవి 2010 ప్రమాణాలు. సొంతింటికి వర్తించవు. కానీ తలుపు పిడి గురించి అందులో రాసినవి ఎవరింటికైనా పనికొస్తాయి.

ఒక చేత్తో తెరవగలగాలి. గట్టిగా పట్టుకోవడం, వేళ్ళతో గిల్లినట్టు పట్టడం, మణికట్టు తిప్పడం అవసరం కాకూడదు. పిడి నేల నుంచి 34, 48 అంగుళాల మధ్య ఉండాలి. ఇక జరిపే తలుపులకి ప్రత్యేకంగా ఒక వాక్యం ఉంది: తలుపు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు కూడా పిడి రెండు వైపుల నుంచీ కనపడాలి, అందాలి.

ఈ చివరిది చూడండి. గుంట పిడి పెట్టి తలుపుని పూర్తిగా గోడ మీదికి తోసేస్తే గుంట గోడ వెనక్కి వెళ్తుంది. అప్పుడు లోపలున్న మనిషి దేన్ని పట్టుకుని మూస్తుంది? ఉత్త తలుపు అంచుని. అంటే ఉలి_బాడిస గారి పద్ధతిలో తెరవడం సంగతి తీరినా మూయడం సంగతి మిగిలే ఉంది. అందుకే మా ఆఫీసులో ఇలాంటి తలుపు గీస్తే ముందే ఖాళీ వెడల్పు పెంచి, తలుపు అయిదారంగుళాలు ముందే ఆగేలా గీస్తాం.

ఉలి_బాడిస
ఇది ఒప్పుకోవాల్సిందే. అంచు పట్టుకుని లాగడం మాకందరికీ అలవాటు, అందుకని తట్టలేదు.

పప్పుచారు
నేను మొదట్లోనే చెప్పా, పీకేయండని.

సందేహాలరావు
బొత్తిగా వేరే ప్రశ్న. మాది హైదరాబాద్, కోకాపేటలో ఫ్లాట్. పూజగదికి ఇలాంటి తలుపు పెట్టిస్తున్నాం. కార్పెంటరు "12 అంగుళాల హ్యాండిల్ తెచ్చుకోండి" అన్నాడు. రాణీగంజ్ వెళ్ళి 12 అంగుళాలది తెచ్చా. వాడు అంతకు ముందే 12 అంగుళాల దూరంలో బెజ్జాలు వేసేశాడు. హ్యాండిల్ బిగించబోతే బోల్టులు కలవట్లేదు!

గోదారిగట్టు
హ్యాండిల్ మొత్తం పొడుగు వేరు, బోల్టుకీ బోల్టుకీ మధ్య దూరం వేరు. షాపులో "సెంటర్ టు సెంటర్ ఎంత" అని అడగాలి. బీరువా, కిచెన్ హ్యాండిల్స్‌కయితే 96, 128, 160, 192 ఎంఎం అని ఉంటాయి, అన్నీ 32 లెక్కలో. తలుపు పిడులకి ఆ లెక్క ఉండదు, ఒక్కోడిది ఒక్కో దూరం. పిడి చేతిలోకి వచ్చాకే డ్రిల్లు ముట్టుకోవాలి. నేను రెండు తలుపులు పాడుచేసుకుని నేర్చుకున్న పాఠం.

సందేహాలరావు
ఇప్పుడు ఆ బెజ్జాలు?

గోదారిగట్టు
వెనక పొడుగాటి రేకు పలక ఉండే హ్యాండిల్ తీసుకోండి. బెజ్జాలు దాని కింద దాక్కుంటాయి. దేవుడికి మాత్రం తెలుస్తుంది.

విశాఖ_ఉప్పుగాలి
నల్ల ఇనప పిడి గురించి ఒక మాట. మాది విశాఖ, ఎంవీపీ కాలనీ, బాల్కనీ తలుపుకి అమెరికా ఫొటోలు చూసి నల్లటి ఇనప పిడి పెట్టించా. నలుపంటే పైన పౌడర్ కోటింగే. బోల్టు బిగించేటప్పుడు అంచు దగ్గర కొంచెం గీసుకుంది. ఒక్క వానాకాలంలో అక్కడి నుంచి తుప్పు పాకి, పెంకులు పెంకులుగా లేచింది. తెల్ల చుడీదార్ల మీద మరకలు, మా ఆవిడ దగ్గర మాటలు. సముద్రం దగ్గరున్నవాళ్ళు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ అడగండి, అందులో మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకి తట్టుకుంటుంది. 304 కూడా సముద్రం పక్కన టీ మరకల్లా మచ్చలు పడుతుంది.

రాణీగంజ్_రెగ్యులర్
అయస్కాంతం పట్టుకెళ్ళండి. అంటుకోకపోతే ఒరిజినల్ 304. నేనెప్పుడూ అలాగే కొంటా.

ఉలి_బాడిస
ఇదొక పెద్ద భ్రమ తమ్ముడూ. మన దగ్గర చవగ్గా అమ్మే 202 గ్రేడు కూడా అయస్కాంతానికి పెద్దగా అంటుకోదు. అందులో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. చూపులకి రెండూ ఒకటే. అయస్కాంతం వల్ల మామూలు ఇనుముకి పాలిష్ కొట్టి అమ్మేవాణ్ణి పట్టుకోగలవు, 202 అమ్మేవాణ్ణి పట్టుకోలేవు. బిల్లు మీద గ్రేడు రాసిమ్మను. రాయనంటే అర్థం చేసుకో.

రాణీగంజ్_రెగ్యులర్
ఆరేళ్ళుగా అయస్కాంతం జేబులో పెట్టుకుని తిరుగుతున్నా అన్నా. ఏటీఎం కార్డు కూడా చెడగొట్టుకున్నా.

నీలాటిరేవు
ఇత్తడిది ఎవరూ చెప్పరేం? పూజగది అన్నారు కదా సందేహాలరావు గారు. తెలంగాణలో అయితే జనగామ దగ్గర పెంబర్తి, మావైపు శ్రీకాకుళంలో బుడితి, ఇత్తడి పనికి పేరున్న ఊళ్ళు. పెంబర్తివాళ్ళది రేకు మీద నగిషీ పని. బుడితి చెంబులూ గిన్నెలూ మీరు చూసే ఉంటారు. కొలతలిచ్చి అడిగితే పిడి చేసిస్తారేమో కనుక్కోండి, ఆన్‌లైన్ వాడి నల్ల ఇనుము కంటే వెయ్యి రెట్లు అందం.

సందేహాలరావు
ఇత్తడి నల్లబడదా?

నీలాటిరేవు
పైన లక్క పూత వేసినది కొంతకాలం మెరుస్తుంది, తర్వాత పూత పొరలు పొరలుగా లేచి చర్మరోగం వచ్చినట్టుంటుంది. పూత లేనిది తీసుకుని నెలకోసారి చింతపండుతో తోముకోండి. లేదా పీతాంబరి. చేయి తగిలే చోట ఎప్పుడూ మెరుస్తూనే ఉంటుంది, చేయి తగలని చోట నల్లబడుతుంది. మా అమ్మమ్మ వాళ్ళింటి తలుపు కడియం అలాగే ఉండేది.

అరుగుమీదత్తయ్య
తలుపు పిడి కూడా తోమాలంటే కోడళ్ళు ఇల్లొదిలి పారిపోతారమ్మా.

అద్దాలమేడ
చెక్క తలుపుల వాళ్ళు అదృష్టవంతులు. మా స్టడీ రూంకి గాజు బార్న్ డోర్ వేయించాం, 10 ఎంఎం టఫెన్డ్, అంటే కొలిమిలో కాల్చి గట్టిపరిచింది. బయట పిడికి మాత్రమే బెజ్జాలు వేయించి ఆర్డరిచ్చాం. తర్వాత లోపలికి గుంట పిడి కూడా కావాలనిపించింది. గాజువాడు నవ్వాడు. టఫెన్ చేశాక డ్రిల్లు పెడితే గాజు మొత్తం చిన్న చిన్న ముక్కలైపోతుందట. బెజ్జాలన్నీ కొలిమిలోకి వెళ్ళకముందే వేయాలి. గాజు తలుపు ఆలోచన ఉన్నవాళ్ళు పిడి కొన్నాకే గాజు ఆర్డర్ ఇవ్వండి. మేం ఇప్పుడు లోపల్నుంచి అంచు పట్టుకుని జరుపుతున్నాం, గాజు నిండా వేలిముద్రలు, క్రైమ్ సీన్‌లా ఉంటుంది.

ఎడమచేతివాటం
స్వాతిచినుకు గారి విషయానికి వద్దాం. పావు అంగుళం సందు అంటే 6 ఎంఎం. తోలు పట్టీ పిడులు దొరుకుతాయి, పట్టీ మందం 3, 4 ఎంఎం ఉంటుంది. లాగినప్పుడు ఉబ్బి చేతికొస్తుంది, వదిలితే తలుపుకి అతుక్కుంటుంది. సందులో దూరిపోతుంది, తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది. గుప్పిటతో పట్టుకోవచ్చు. ఎవరూ ఓడిపోనక్కర్లేదు.

స్వాతిచినుకు
ఇది భలే ఉంది! నాన్న పాత బెల్టు ఒకటుంది. ఇవాళే ప్రయత్నిస్తా.

స్వాతిచినుకు
ప్రయత్నించాం. సాయంత్రం దాకా బ్రహ్మాండంగా పనిచేసింది. రాత్రి తలుపు తెరుస్తుంటే బెల్టు మడత పడి సందులో ఇరుక్కుంది. ఇప్పుడు తలుపు సగంలో ఆగిపోయింది, ముందుకీ రాదు, వెనక్కీ పోదు. నాన్న చెప్పుల స్టాండు పక్కన కూర్చుని "నా బెల్టు" అంటున్నారు.

డాలస్_బాబాయ్
బెల్టు పోతే పోయింది, ప్యాంటు జాగ్రత్త.

ఎడమచేతివాటం
పట్టీని కాస్త బిగుతుగా బిగించాల్సింది అక్కా, అంత వదులు ఉండకూడదు. సారీ. వంటింట్లో చప్పటి గరిటె ఉంటే సందులో దూర్చి తోయండి, వచ్చేస్తుంది.

స్వాతిచినుకు
అట్లకాడతో వచ్చింది. అమ్మ చేతుల మీదుగానే.

నక్షాగీసేవాడు
ఒకటి అడగడం మర్చిపోయా. పిడి ఏదైనా, అసలు తలుపు జరపడానికి ఎంత బలం కావాలి? ఏడీఏలో లోపలి జరిపే తలుపుకి 5 పౌండ్లు మించకూడదు, అంటే దాదాపు రెండుంపావు కేజీలు. మీ చేతికి తేలిగ్గా ఉన్నది అమ్మగారికి కొండ కావచ్చు.

స్వాతిచినుకు
అది ఎలా కొలుస్తారు? ప్రత్యేకంగా మిషను ఉంటుందా?

డాలస్_బాబాయ్
అమెరికాలో ఉన్న తెలుగు వాళ్ళింట్లో సూట్‌కేసు తూచే కొక్కెం లేకుండా ఉంటుందా? ఆవకాయ జాడీలతో 23 కేజీలు దాటిందా లేదా అని ఎయిర్‌పోర్టుకి పోయే ముందు నాలుగుసార్లు తూచేది. దాని కొక్కెం బయటి పిడికి తగిలించి మెల్లిగా పక్కకి లాగు తల్లీ. అంకె చూసుకో.

స్వాతిచినుకు
బాబాయ్ మీరు మామూలు మనిషి కాదు. తూచా. మూసి ఉన్న తలుపు కదలడానికి 5 కేజీల దాకా వెళ్ళింది! ఒకసారి కదిలాక రెండున్నర. ఇంత బరువని నాకే తెలీదు. మొదటి లాగుడే కష్టంగా ఉంది, తర్వాత తేలికే.

ఉలి_బాడిస
ఇదీ అసలు రోగం. మొదటి లాగుడే కష్టం అంటే మీ తలుపుకి సాఫ్ట్ క్లోజ్ ఉంది. చివర్లో తలుపు తనంతట తనే మెల్లిగా మూసుకుంటుందా? పట్టా పైన స్ప్రింగు ఉన్న డబ్బా ఉంటుంది, అది తలుపుని మూసిన చోట లాగి పట్టుకుంటుంది. తెరవాలంటే ఆ స్ప్రింగుని ఓడించాలి. రెండు వేళ్ళ గుంట పిడితో, వాచిన కీళ్ళతో అది అయ్యే పని కాదు. గుంట పిడీ, గట్టి సాఫ్ట్ క్లోజూ ఒక తలుపుకి కలిపి పెట్టకూడదు, పెట్టినవాడికి బుద్ధి లేదు. బిల్డరుని మొదట్లో వెనకేసుకొచ్చా, వెనక్కి తీసుకుంటున్నా.

కదిలాక కూడా రెండున్నర ఉందంటే కింద చూడండి. నేల మీద తలుపు ఊగకుండా చిన్న గైడు ఉంటుంది. అది తలుపు గాడిని ఒరుసుకుంటోందేమో. స్క్రూలు వదులు చేసి రెండు ఎంఎం జరిపి మళ్ళీ బిగించండి. చక్రాల మీద జుట్టు, దుమ్ము ఉంటే తుడవండి, పట్టాకి నూనె మాత్రం రాయొద్దు, దుమ్ము పట్టి మరీ బిగుస్తుంది.

స్వాతిచినుకు
అవును, తనే మూసుకుంటుంది. ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు ఆ ముచ్చటకే మా ఆయన పడిపోయాడు.

ఉలి_బాడిస
మూసే వైపున్న డబ్బా తీసేయించండి. తెరిచే వైపు ఉంటే ఉండనివ్వండి, గోడకి ధనామని కొట్టుకోకుండా. మూసే వైపు పట్టా చివర రబ్బరు స్టాపరు ఉందో లేదో చూసుకోండి.

తాళంచెవి
తలుపుకి లోపల గడియ ఉందా? ఉంటే అది ముందు తీయించండి. లేదా బయట్నుంచి నాణెం పెట్టి తిప్పితే తెరుచుకునేది పెట్టించండి. మా నాన్నగారు బాత్రూంలో కళ్ళు తిరిగి పడితే తలుపు బద్దలు కొట్టాల్సి వచ్చింది. పిడి గురించి ఇంత చర్చ జరిగింది గానీ గడియ మాట ఎవరూ ఎత్తలేదు.

స్వాతిచినుకు
చిన్న కొక్కెం ఉంది, లోపల వైపు. మీ పోస్టు చదివి ఇప్పుడే స్క్రూడ్రైవర్‌తో తీసేశా. నాన్నగారు బాగున్నారా?

తాళంచెవి
బాగున్నారు. భుజం ఎముక చిట్లింది, కలిసింది. తలుపే కొత్తది.

స్వాతిచినుకు
పది రోజులైంది, ఏం చేశామో చెప్తున్నా.

మూసే వైపు సాఫ్ట్ క్లోజ్ తీసేశాం. కింద గైడు నిజంగానే ఒరుసుకుంటోంది, జరిపాం. కొక్కెంతో మళ్ళీ తూచితే మొదటి లాగుడు కేజీ ఎనిమిది వందలు. ఇంతకు ముందు ఐదు! అప్పుడే అమ్మ ఆ పాత చీమల గుంటతో కూడా తలుపు జరిపేసింది, కానీ రెండోసారికి వేళ్ళు నొప్పన్నది.

అందుకని అత్తయ్యగారి మాటే విన్నాం. లోపల తొమ్మిది అంగుళాల గుండ్రటి కడ్డీ పిడి. తలుపు అంచు నుంచి మూడున్నర అంగుళాలు లోపలికి, నేల నుంచి 38 అంగుళాల ఎత్తులో మధ్య గీత. నిలువు చెక్క మీదే పడేలా చూశాం, మధ్య పలక మీద కాదు. బోల్టులు తలుపులో ఇటు నుంచి అటుకి. బయటి పిడిని కూడా దాని ఎదురుగా జరిపి, పాత బెజ్జాలు కప్పేలా వెనక పలక ఉన్నది తీసుకున్నాం (గోదారిగట్టు గారికి థాంక్స్). పట్టా మీద స్టాపరు అలెన్ కీతో వదులు చేసి ముందుకి జరిపాం. ఖాళీ 26½ అంగుళాలు మిగిలింది. మా ఆయన భుజాలు వెడల్పు, పక్కకి తిరిగి వెళ్తూ ఒకసారి నావైపు చూస్తాడు. చూడనివ్వండి.

అమ్మ మోచేత్తో కూడా తెరుస్తోంది, ఎవరు చూస్తున్నా చూపిస్తోంది.

అరుగుమీదత్తయ్య
మీ అమ్మకి నా మాటగా చెప్పు, తెనాలి వెళ్ళే దారిలో రాజమండ్రిలో దిగమని.

గోదారిగట్టు
అత్తయ్యగారూ, హైదరాబాద్‌లో దిగి తెనాలి వెళ్ళే దారిలో రాజమండ్రి రాదు.

అరుగుమీదత్తయ్య
రమ్మంటే దారి అదే వస్తుంది.

ఉలి_బాడిస
పిడి బోల్టులు నెలకోసారి చూసుకోండి, కొత్త చెక్కలో వదులవుతాయి. ఫొటో పెట్టండి వీలైతే.

స్వాతిచినుకు
ఫొటో తీద్దామని వెళ్తే పిడి కనపడలేదు. అమ్మ దాని మీద తువ్వాలు ఆరేసింది. "చక్కటి దండెం కూడా అయింది" అంటోంది.

విశాఖ_ఉప్పుగాలి
తడి తువ్వాలా? పిడి నల్లదా?

స్వాతిచినుకు
నల్లదే.

విశాఖ_ఉప్పుగాలి
అయ్యో.